బీడీ పట్టేంత సందు

తొంభైల్లో విశాఖలో షీలానగర్ దగ్గర మా లారీల స్టాండులో ఒక పద్ధతి ఉండేది. ఒక లారీ ఇంకో లారీని గుద్దితే సంగతి పోలీసుల దాకా వెళ్ళకూడదు. గుద్దినవాడే దగ్గరుండి వంకర తీయాలి. తన లోడు మానుకుని, దెబ్బ తిన్న బండి మళ్ళీ రోడ్డెక్కేదాకా దాని పక్కనే ఉండాలి. పని పూర్తయ్యాక గుద్దినవాడు టీ తెస్తాడు, దెబ్బ తిన్నవాడు ముందు తాగుతాడు. టీ తాగాక ఇక కేసు లేదు. ఆ తర్వాత ఆ మాట ఎత్తినవాడికి స్టాండులో విలువ ఉండదు. రాయపూర్ దారిలో ఎక్కడో అడవిలో అతని బండి ఆగిపోయినా మనవాళ్ళు చూసీ చూడనట్టు వెళ్ళిపోతారు.

ఈ పద్ధతి గురించి గోదావరి జిల్లాలోని మా బంధువుల దగ్గర తెగ కోతలు కోసేవాణ్ణి. మీరు గట్టు తగాదాకి తాతల నాటి నుంచీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు, మేం చూడండి గ్లాసుడు టీతో తేల్చేసుకుంటున్నాం అనేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. టీ తాగించి నోరు కుట్టేయడం కంటే కోర్టుల చుట్టూ తిరగడమే నయం.

నా లారీని గుద్దినవాణ్ణి నేను బావా అని పిలిచేవాణ్ణి. మొదట్లో అది చుట్టరికం కాదు. విశాఖలో మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా నాన్న మట్టిపనుల సూపర్‌వైజరుగా ఇక్కడికి వచ్చి ఉండిపోయాడు. నేను డ్రైవింగు నేర్చుకుని, కొన్నాళ్ళకి ఒక పాత లారీకి యజమానినయ్యాను. నేను స్టాండులో మొదటిరోజు నోరు విప్పగానే నా యాస విని అందరూ నవ్వారు. నవ్వకుండా వచ్చి పక్కన కూర్చున్నది బావ ఒక్కడే. అతనిదీ ఒక్క లారీయే, అతనే డ్రైవరు. పుట్టి పెరిగింది ఇక్కడే. సాలూరు ఘాట్‌లో బండి ఎలా దించాలో, ఏ ధాబాలో పప్పు తినొచ్చో, ఏ చెక్‌పోస్టులో నోరు మూసుకోవాలో అన్నీ అతనే నేర్పాడు.

నా భార్యకి తోడబుట్టినవాళ్ళు లేరు. తను అతన్ని అన్నయ్యా అనేది. ఇంట్లో పచ్చడి చేసినా, పులస దొరకని ఊళ్ళో ఏదో ఒక చేప పులుసు పెట్టినా, ముందు అన్నయ్య వాటా గిన్నెలో తీసేది. అలా వరస కూడా కలిసిపోయింది. భార్యకి అన్నయితే నాకు బావే కదా. నేను లైన్‌కి వెళ్ళినప్పుడు, అంటే రాయపూర్, నాగపూర్ వైపు దూరపు లోడులకి వెళ్ళినప్పుడు, వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండేవాణ్ణి. అతనూ అంతే. ఇద్దరం ఒకే బాధ పడుతున్నవాళ్ళం కాబట్టి ఒకరికొకరం బాగా అర్థమవుతామనుకునేవాణ్ణి.

మొదటి కాన్పుకి నేను ఇంట్లో లేను. జగదల్‌పూర్ దాటాక వంతెన కొట్టుకుపోయి లారీలన్నీ ఆగిపోయాయి. అప్పట్లో చేతిలో ఫోన్లు లేవు. నేను దువ్వాడలో మా అద్దె ఇంటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్లాడు దక్కలేదు. వాడు ఎలా ఉన్నాడో కూడా నేను చూడలేదు. నా భార్య నన్ను తిట్టలేదు, ఏడవలేదు. అన్నం పెట్టి, పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు ఎప్పుడు తీస్తుందా అని గుమ్మం దగ్గర కూర్చున్నాను.

రెండోసారి నెల తప్పినప్పుడు తను ఒకే ఒక్క మాట అడిగింది. "ఈసారి మీరు ఊళ్ళో ఉండాలండి. ఇంకేం అడగను." ఉంటానన్నాను. లారీ నడిపేవాడు ఆ మాట ఇవ్వడం ఎంత కష్టమో తనకీ తెలుసు. అయినా ఇచ్చాను.

ఆ మాట నిలబెట్టుకునే దారి కూడా ఒకటి దొరికింది. ఇనప కడ్డీల యార్డు నుంచి పోర్టు బెర్తుకి రోజూ సరుకు మోసే పనికి ఒక రవాణా కంపెనీ లారీలని తీసుకుంటోంది. ఆ పనిలో చేరిన లారీకి ఊరు దాటే పని ఉండదు. పొద్దున్న వెళ్ళి, సాయంత్రానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. మా స్టాండు నుంచి ఒక్క బండికే చోటుందని చెప్పారు. పెద్దలు కూర్చుని ఆ చోటు నాకిద్దామన్నారు. నా ఇంట్లో సంగతి అందరికీ తెలుసు, అందుకే ఎవరూ అడ్డు చెప్పలేదు. "ఈడికే ఇవ్వాల. మా సెల్లి ఒంటరిగా పడుంటంది" అని అందరికంటే గట్టిగా అన్నది బావే. ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇవాళ తలుచుకుంటే ఆ నీళ్ళ మీద కూడా కోపమొస్తుంది.

ఒక శుక్రవారం బండిని యార్డుకి తీసుకురమ్మన్నారు. కంపెనీ ఇంజినీరు సాయంత్రం ఐదింటి దాకా బళ్ళు చూస్తాడు. బ్రేకులు, లైట్లు, తలుపులు సరిగ్గా ఉండాలి, బాడీలో ఏదీ బయటికి పొడుచుకు రాకూడదు. పాసైన బండి తలుపు మీద పసుపు రంగుతో గుర్తు వేస్తారు. ఆ గుర్తు లేని బండిని గేటు లోపలికి రానివ్వరు.

ఆ పొద్దున్న బండి కడిగి, నిమ్మకాయలు కట్టి, స్టాండులో పెట్టి టిఫిను చేస్తున్నాను. బావ తన లారీని వెనక్కి తీస్తున్నాడు. ధన్ మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే అతని లారీ బాడీ వెనకమూల, ఇనప పట్టీ ఉండే చోటు, నా లారీ ఎడమ మడ్‌గార్డుని పట్టేసింది. నాది ముందుకి ముక్కున్న పాత మోడల్ లారీ. మడ్‌గార్డు వెనక్కి నెట్టుకుపోయి తలుపు అంచు మీద కూర్చుంది. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోతోంది. మూస్తే కింద గీరుకుని లాకు పడటం లేదు.

బావ బండి దిగి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "అయ్యో బావా, సూసుకోనేదు బావా! ఈ రోజే అవ్వాలా ఇది?" అన్నాడు. అతని మొహం చూసి నేనే ధైర్యం చెప్పాను. టైముంది, ఆటోనగర్‌లో మన టింకరింగ్ మేస్త్రిని పిలిస్తే మధ్యాహ్నానికల్లా అయిపోతుందన్నాను. ఆ మేస్త్రి పాత ఊరి సాయిబు. మా స్టాండు లారీల వంకరలన్నీ తీసేది ఆయనే.

"నువ్వు కంగారు పడకు. గుద్దినోణ్ణి నాను కదా, మేస్త్రిని నానే తీసుకొస్తాను. నువ్వు బోల్టులకి కిరసనాయిలు పొయ్యి" అని బావ ఆటోనగర్ వైపు వెళ్ళాడు. నేను బోల్టులకి కిరసనాయిలు పోసి కూర్చున్నాను. సముద్రపు గాలికి మా ఊళ్ళో బోల్టు బిగించిన మర్నాటి నుంచే తుప్పు పడుతుంది. అది నానకపోతే విరుగుతుంది.

బావ ఒక్కడే తిరిగి వచ్చాడు. "మేస్త్రి పాతూరు ఎల్పోనాడు బావా. ఆళ్ళ సుట్టాల్లో ఎవులో పోనారంట. సాయంత్రం దాకా రాడంట" అన్నాడు. అతను నా భుజం మీద చెయ్యేసి, "మనమే లాగీద్దాం. మనకి సేతకాదేటి?" అన్నాడు.

చేతకాకేం, వచ్చు. అడవుల్లో ఎన్నిసార్లు చేసుకోలేదు? మడ్‌గార్డు బోల్టులు వదులు చేసి, గోనెగుడ్డ చుట్టి గొలుసు తగిలించి, రెండో కొస బావ లారీకి కట్టాం. నేను నా బండిలో బ్రేకు తొక్కి కూర్చున్నాను. అతను తన బండిని ఫస్టు గేరులో నెమ్మదిగా ముందుకి కదిపాడు. ఈ పనిలో లాగేవాడి మీద నమ్మకం ఉండాలి. క్లచ్చు ఒక్క క్షణం వదిలేస్తే మడ్‌గార్డు చిరిగి చేతికొస్తుంది. బావ అంగుళం అంగుళం చొప్పున లాగాడు. దిగి చూశాడు, మళ్ళీ లాగాడు. అంత ఓపిగ్గా లాగినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత తలుపు. దెబ్బకి బందులు కొద్దిగా వంగి తలుపు కిందికి జారింది. బందు దగ్గర చెక్కముక్క అడ్డం పెట్టి తలుపు మెల్లగా నొక్కితే బందు వెనక్కి వస్తుంది. కింద జాకీ పెట్టి తలుపుని ఎత్తి, బోల్టులు బిగించాలి. మడ్‌గార్డుకీ తలుపుకీ మధ్య సందు ఎంత ఉండాలంటే, బీడీ పట్టేంత. పైనుంచి కింద దాకా బీడీ ఎక్కడా తట్టుకోకుండా జారాలి. ఇది మా స్టాండు కొలత.

బావ బీడీ తీసి సందులో పెట్టి జార్చాడు. "పైన దూరతంది. కింద పట్టీసింది సూడు" అన్నాడు. బోల్టులు వదులు చేశాం, మళ్ళీ బిగించాం. ఈసారి కింద దూరుతోంది, నడుమ పట్టేస్తోంది. నాకు పర్వాలేదనిపించింది. తలుపు పడుతోంది, తెరుచుకుంటోంది, ఇంకేం కావాలి? పద పోదాం అన్నాను. అతను ఒప్పుకోలేదు. "ఆ ఇంజినీరు మా సెడ్డోడు బావా. సొయంగా తలుపు తీసి ఏసి సూత్తాడు. గీరుకుందంటే ఎనక్కి పంపీత్తాడు. మళ్ళీ పిలవడు" అన్నాడు. ఆ చోటు ఎక్కడ పోతుందో అన్న భయం నాకుంది, అది అతనికి తెలుసు. మళ్ళీ విప్పాం.

భోజనం వేళ దాటిపోయింది. తిందామన్న ధ్యాస కూడా లేదు. చేతులు గ్రీజూ నల్లదుమ్మూ కలిసి తారులా అయ్యాయి. ఒక దశలో మడ్‌గార్డు మరీ ముందుకి వచ్చేసిందని సుత్తితో వెనక్కి కొట్టాం, కొట్టాక మళ్ళీ లాగాం. మధ్యలో ఎవరో డ్రైవరు వచ్చి, "సాల్లే, పెళ్ళికూతురికి కూడా ఇంత ముస్తాబు సెయ్యరు" అన్నాడు. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు.

మూడు దాటాక తలుపు ఒక్క చప్పుడుతో పడింది. హమ్మయ్య అనుకున్నాను. బావ పరిగెత్తుకెళ్ళి టీ తెచ్చాడు. పద్ధతి ప్రకారం నేను ముందు తాగాను, అతను తర్వాత తాగాడు. నలుగురూ చూశారు.

గ్లాసు కింద పెట్టి అతను ఇంకోసారి బీడీ జార్చాడు. "అడుగున ఇంకా కొంచెం పడతంది బావా. ఇలా సెయ్యి. నాను ఎల్పోయి లైన్లో నిలబడతాను. నీ బండి వస్తందని ఇంజినీరుకి సెప్తాను. నువ్వు కింద రెండు బోల్టులూ వదిలి, జాకీ కొంచెం ఎత్తి, బిగించుకోని వచ్చీ" అన్నాడు. నా కోసం లైన్లో నిలబడటానికి కూడా వెళ్తున్నాడే అనుకున్నాను. అతను తన లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. నేను పడ్డ తలుపుని మళ్ళీ విప్పుకుని కూర్చున్నాను.

ఒక్కడే ఆ పని చేయడం ఎంత నరకమో చేసినవాడికి తెలుస్తుంది. ఒక చేత్తో జాకీ, ఒక చేత్తో పానా, భుజంతో తలుపు. కింద బోల్టు మర తినేసింది. కొత్తది వెతికి తెచ్చి వేశాను. చివరికి బీడీ పై నుంచి కింద దాకా ఎక్కడా తట్టుకోకుండా జారింది. నిజం చెప్పాలంటే కంపెనీ నుంచి కొత్తగా వచ్చిన లారీకి కూడా అంత చక్కటి సందు ఉండదు. రెండువేల సంవత్సరం దాటాక ఆ లారీ అమ్మేసేదాకా ఆ తలుపు ఒక్కరోజు కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు.

నేను యార్డు గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఇంజినీరు జీపు ఎదురొచ్చి వెళ్ళిపోయింది. గేటు పక్కన బావ లారీ ఉంది. దాని తలుపు మీద పసుపు గుర్తు ఇంకా తడిగా ఉంది.

బావ నన్ను చూసి ఎదురొచ్చాడు. "ఆలీసం అయిపోనాది బావా. మన స్టాండు సోటు ఏరేవోళ్ళకి ఇచ్చీస్తామన్నారు. నాకేటి తోచలేదు, నా బండి పెట్టీసినాను. సోటు మన సేతిలో ఉంటాది కదా. తర్వాత నీ పేరు మీదకి మార్పించీద్దాం" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, సమయానికి బుర్ర పనిచేసింది నీకు, లేకపోతే ఎవడో తన్నుకుపోయేవాడు అని మెచ్చుకున్నాను కూడా. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది మాటవరసకి అంటారనుకునేవాణ్ణి. కోస్తున్నప్పుడు నిజంగానే చల్లగా ఉంటుంది.

ఆ చోటు నా పేరు మీదకి మారలేదు. అడిగినప్పుడల్లా వచ్చే నెల అనేవాడు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే కుదరదు, మళ్ళీ లైన్ ఎక్కాను. మాట తప్పినందుకు నా భార్యకి మొహం చూపించలేక, తను నిద్ర లేవకముందే బయల్దేరేవాణ్ణి. కాన్పు నెలకి మాత్రం ఎలాగైనా ఉంటానన్నాను. నెల ముందే నొప్పులొచ్చాయి.

నేను అప్పుడు రాయపూర్‌లో అన్‌లోడింగ్ కోసం ఎదురుచూస్తున్నాను. మిట్టమధ్యాహ్నం మా పక్కింటావిడ యార్డుకి కబురు పంపితే, బావ చేస్తున్న పని వదిలేసి వచ్చాడట. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నీకేమవుతుందని నర్సు అడిగితే, "మా సెల్లి" అన్నాడట. రక్తం కావాలంటే స్టాండుకి వెళ్ళి డ్రైవర్లందర్నీ తన లారీ ఎక్కించుకుని తీసుకొచ్చాడు. లుంగీలతో, గ్రీజు చేతులతో అంతమంది వరండాలో నిలబడితే ఆసుపత్రి వాళ్ళు హడలిపోయారట. తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల.

నేను తిరిగి వచ్చి, స్టాండులో అందరి ముందూ బావని కావలించుకుని ఏడ్చాను. ఇది నేను మర్చిపోలేను. ఆ రోజు నువ్వు యార్డులో చోటు తీసుకోవడమే మంచిదయింది బావా, నేను కాకపోతే నువ్వయినా ఊళ్ళో ఉన్నావు అన్నాను. అతను నా వీపు నిమిరి, తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

పాపకి అన్నప్రాశన పెట్టుకున్నాం. దానికి ముందు ఒకరోజు రేడియేటరు పనుండి ఆటోనగర్ వెళ్ళి, పనిలో పనిగా టింకరింగ్ మేస్త్రి షెడ్డు ముందు ఆగాను. ఆయన నా లారీ చుట్టూ తిరిగి మడ్‌గార్డు చూసి నవ్వాడు. "మీరే లాగేశారా? రేపు తెస్తామన్నారు, ఆ రేపు ఇప్పటిదాకా రానే లేదు బాబూ" అన్నాడు.

ఏం రేపు అన్నాను.

"ఆ శుక్రవారం మీ బావ వచ్చాడు కదా. బండికి దెబ్బ తగిలింది అన్నాడు. నమాజుకి వెళ్ళే లోపల చేసిస్తాను, తెమ్మన్నాను. ఇవాళ కాదు భాయ్, రేపు తెస్తాం అని వెళ్ళిపోయాడు. రోజంతా షెడ్డులోనే ఉన్నాను."

మీ చుట్టాల్లో ఎవరో పోయారన్నాడే అన్నాను. ఆయన నా వైపు వింతగా చూసి, అల్లా దయవల్ల అందరూ బాగానే ఉన్నారన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజంతా, అంగుళం అంగుళం లాగిన ఆ లాగుడంతా, పైన దూరుతోంది కింద పట్టేస్తోందన్న ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా కళ్ళముందుకి వచ్చాయి. అతను పని చెడగొట్టలేదు. చెడగొట్టి ఉంటే నాకు అనుమానం వచ్చేది. పనిని మరీ బాగా చేయించాడు, పొద్దుగుంకే దాకా చేయించాడు. నా భయం నాకంటే అతనికే బాగా తెలుసు కాబట్టి దాన్నే పానాలా వాడుకున్నాడు. శత్రువు చేస్తే ఇంత బాధ ఉండేది కాదు.

తిన్నగా అతని ఇంటికి వెళ్ళాను. లారీ కడుగుతున్నాడు. మేస్త్రి ఆ రోజు షెడ్డులోనే ఉన్నాడట కదా అన్నాను. బకెట్టు కింద పెట్టి, చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"టీ తాగీసినాం కదా బావా. ఇప్పుడేటి మళ్ళీ?" అన్నాడు.

ఆ మాటకి చెయ్యెత్తాను. అతను పక్కకి జరగలేదు. "కొట్టు. కానీ గుద్దింది కావాలని కాదు, మాయమ్మ తోడు. మేస్త్రి కోసం నడుస్తన్నాను సూడు, అప్పుడొచ్చింది ఆ బుద్ధి. మా ఊరు ఎక్కడుండేదో తెల్సా నీకు? ఆ ప్లాంటు గోడ లోపల. మా తాత మడి మీద రైలు పట్టాలున్నాయి. గోదారి నుంచి వచ్చినోడు ఇంటికాడ తొంగోవాల, నాను నాగపూర్ రోడ్ల మీద తొంగోవాలేటి? స్టాండు పెద్దోళ్ళందరి ముందు నీకే ఇవ్వమని నోటితో అన్నాను. కడుపులో మంట ఎవులికి సెప్పుకోను?" అన్నాడు.

అతని ఊరు పోయిన మాట నిజమే. ఆ ఊరిని పోగొట్టింది నేను కాదన్న మాటా నిజమే. ఎత్తిన చెయ్యి దించుకుని వచ్చేశాను. అతన్ని అర్థం చేసుకున్నానని కాదు. స్టాండులో ఎవరితో చెప్పినా, టీ తాగావు కదా అనే అంటారని తెలుసు. పైగా అందరి రక్తం నా ఇంట్లో ఉంది, వాళ్ళని తీసుకొచ్చింది అతను.

ఇక మిగిలింది నా భార్య. తనకైనా చెప్పుకోవాలి కదా. పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. అన్నప్రాశనకి అన్నయ్య పట్టుచొక్కా వేసుకొస్తానన్నాడని నవ్వుతూ ఏదో చెబుతోంది. మేనమామ హోదాలో మొదటి ముద్ద పెట్టాల్సింది అతనే మరి. ఆపమని, మొత్తం చెప్పేశాను. మేస్త్రి మాట, ఆ అబద్ధం, బావ ఒప్పుకోలు, అన్నీ. వాడు ఈ గడప తొక్కడానికి వీల్లేదు అన్నాను.

తను ఆశ్చర్యపోలేదు. పాప నోటి చుట్టూ కారిన చొంగ తుడిచింది. "నాకు తెలుసండి" అంది.

ఏం తెలుసన్నాను.

"ఆసుపత్రిలో పాప పుట్టిన సాయంత్రమే చెప్పాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీ మొగుడు ఇక్కడుండాల్సింది, నేనే లేకుండా చేశానమ్మా అన్నాడు."

నెలల తరబడి తెలుసు తనకి. నేను స్టాండులో అతన్ని కావలించుకుని ఏడ్చానని వచ్చి చెప్పినప్పుడు కూడా తెలుసు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే మీరు అతనితో మాట్లాడరు. మాట్లాడకపోతే అతను ఇక్కడికి రాడు. మీరేమో మళ్ళీ లైన్‌కి వెళ్తారు." తను పాపని భుజానికి ఎత్తుకుంది. "అప్పుడు ఈ ఊళ్ళో నాకూ దీనికీ ఎవరున్నారండి? మీ కోపాన్ని ఇంట్లో పెట్టి వెళ్తారా మాకు తోడుగా?"

తను గొంతు పెంచలేదు. అన్నయ్య తప్పు చేయలేదని కూడా అనలేదు. నన్ను మోసం చేసినవాణ్ణి తను తూచి, బేరీజు వేసి, నిలుపుకుంది. అలా నిలుపుకోవాల్సి వచ్చింది నేను లేనందుకే, అది నాకు తెలుసు. కానీ బాధ పోలేదు. బావ మోసం ఒక పూటలో జరిగిపోయింది. ఇంట్లో మాత్రం తను రోజూ నాకు అన్నం వడ్డిస్తూ, ఆ సంగతి తెలిసీ, నోరు విప్పకుండా ఉంది. రెంటిలో ఏది ఎక్కువ నొప్పి పెట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

అన్నప్రాశన జరిగింది. బావ పట్టుచొక్కాతో వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాడు. నా భార్య రా అన్నయ్యా అంది. అతను నా వైపు చూశాడు. నేను పక్కకి జరిగాను. పాపని అతని ఒళ్ళో కూర్చోబెట్టారు. అతను ఉంగరంతో పాయసం నాలుక మీద రాస్తే పాప చప్పరించి, ఇంకా కావాలని అతని వేలు పట్టుకుంది. అందరూ నవ్వారు. నేను వంటవాళ్ళకి నీళ్ళు అందుతున్నాయో లేదో చూడటానికి పెరట్లోకి వెళ్ళాను.

ఆ వారంలోనే నాకు నాగపూర్ లోడు వచ్చింది. పొద్దున్నే లారీ తీసి, దువ్వాడ స్టేషను దాటి, హైవే వైపు తిరగాల్సిన చోట తిరగలేదు. బావ ఇంటి ముందు ఆపాను. అతను యార్డుకి బయల్దేరుతూ, నన్ను చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. కొట్టడానికే వచ్చాననుకున్నాడేమో, తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. నేను ఇంజను ఆపలేదు. అతని మొహం వైపు చూడకుండా, స్టీరింగ్ చూస్తూ చెప్పాను.

"పాపకి రాత్రి ఒళ్ళు వెచ్చబడింది. సాయంత్రం ఓసారి ఇంటికెళ్ళి చూడు బావా."